మబ్బుల పక్కన ఊరు: లా పాజ్‌లో కొత్తవాళ్ళ బతుకు

 

ఈ రోజు మనం చాలా దూరపు ఊరి గురించి మాట్లాడుకుందాం. ఆ ఊరి పేరు లా పాజ్. అది బొలీవియా దేశంలో ఉంది. బొలీవియా దక్షిణ అమెరికా ఖండంలో ఉంది. గోడ మీద ప్రపంచ పటం చూడండి. మన దేశం ఇటు. ఆ దేశం అటు, దాదాపు భూమికి అవతలి వైపు. మనకు పొద్దున తొమ్మిదిన్నర అయితే అక్కడ అర్ధరాత్రి పన్నెండు. మనకు మే నెలలో ఎండలు మండిపోతుంటే అక్కడ చలికాలం మొదలవుతుంది.

నేను ఆ ఊరు వెళ్ళి చూడలేదు. చదివి తెలుసుకున్నాను. చదువు వస్తే కాలు కదపకుండా అంత దూరం వెళ్ళి రావచ్చు. ఇప్పుడు మీరూ నాతో రండి.

"ఆ ఊరి సంగతి మనకెందుకమ్మా?" అని అడగవచ్చు. అడగాలి కూడా. ఈ రోజుల్లో మన పిల్లలు పని కోసం, చదువు కోసం ఏ దేశానికైనా పోతున్నారు. పరాయి దేశంలో బతకడం అంటే ఏమిటో తల్లులకు తెలియాలి. ఇంకో మాట కూడా ఉంది. ఎంత చదివిన మనిషి అయినా కొత్త ఊరికి పోతే మళ్ళీ మొదటి పాఠం నుంచి నేర్చుకోవలసిందే. లా పాజ్‌లో ఆ మొదటి పాఠం ఏమిటో తెలుసా? గాలి పీల్చుకోవడం!

ఎంత ఎత్తు?

మన అరకు లోయ సముద్రం కంటే సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి పోతేనే మనకు చలి పుడుతుంది. లా పాజ్ సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉంది. అంటే అరకు మీద అరకు, దాని మీద అరకు, ఆ పైన ఇంకో అరకు పెట్టినంత ఎత్తు. మన దేశంలో లడఖ్‌లోని లేహ్ ఊరు దాదాపు అంత ఎత్తున ఉంటుంది.

దక్షిణ అమెరికా పడమటి అంచున ఆండీస్ అనే పెద్ద కొండల వరస ఉంది. ఆ కొండల్లోనే లా పాజ్ ఉంది. బొలీవియా రాజ్యాంగం ప్రకారం రాజధాని సూక్రే అనే ఊరు. కానీ ప్రభుత్వం, పార్లమెంటు నడిచేది లా పాజ్ నుంచే. ప్రపంచంలో ఇంత ఎత్తున ఉండి దేశాన్ని ఏలే ఊరు ఇంకొకటి లేదు.

లా పాజ్ గిన్నెలాంటి ఊరు. గిన్నె అడుగున, గోడల మీద ఇళ్ళు. గిన్నె అంచు మీద ఇంకో పెద్ద ఊరు. దాని పేరు ఎల్ ఆల్టో. ఆ మాటకు "ఎత్తయిన చోటు" అని అర్థం. అది 4,000 మీటర్లకు పైన ఉంది. విమానం దిగేది అక్కడే.

గాలి పలచన

ఎత్తు పెరిగితే గాలి ఎందుకు పలచబడుతుంది? ఇంట్లో బొంతలు ఒకదాని మీద ఒకటి పేరుస్తాం కదా. అడుగు బొంత పై బరువుకు అణిగి దట్టంగా ఉంటుంది. పై బొంత పొంగుగా, వదులుగా ఉంటుంది. గాలి కూడా అంతే. కింద దట్టం, పైన పలచన. మనం ఇక్కడ ఒక్క గుక్కలో పీల్చే ప్రాణవాయువులో మూడింట రెండు వంతులే అక్కడ ఒక గుక్కలో దొరుకుతుంది.

అందుకే కొత్తగా దిగినవాళ్ళకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. గుండె దడదడ. తలనొప్పి. వికారం. రాత్రి నిద్ర పట్టదు. ఈ బాధను అక్కడివాళ్ళు "సొరోచే" అంటారు. దీనికి చిన్నా పెద్దా, బీదా గొప్పా తేడా లేదు. 2009లో అర్జెంటీనా దేశపు ఫుట్‌బాల్ జట్టు అక్కడికి ఆడడానికి వచ్చింది. ప్రపంచంలోనే పేరున్న జట్టు అది. బొలీవియా చేతిలో ఆరు గోల్స్‌కు ఒక గోల్‌తో ఓడిపోయింది. "గాలి అందలేదు, అందుకే" అన్నవాళ్ళు చాలామంది.

మరి అక్కడ బతకడం ఎలా? ఒళ్ళే దారి చూసుకుంటుంది. మన రక్తంలో ఎర్ర కణాలు ఉంటాయి. ప్రాణవాయువును ఒళ్ళంతా మోసే కూలీలు అవే. పలచని గాలిలో ఉంటే ఒళ్ళు ఇంకొందరు కూలీలను పెట్టుకుంటుంది. అంటే ఎర్ర కణాలు పెరుగుతాయి. దానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు ఓర్పు పట్టాలి.

రక్తం తక్కువగా ఉన్నవాళ్ళకు కూలీలు ముందే తక్కువ. అందుకే వాళ్ళకు ఎత్తు ఊళ్ళలో కష్టం ఎక్కువ. ఈ మాట మనకు ఇక్కడ కూడా పనికొస్తుంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే "ఏదో నీరసంలే" అని ఊరుకోకండి. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేయించుకోండి.

మొదటి వారం

కొత్తవాళ్ళకు అక్కడివాళ్ళు మూడు మాటలు చెబుతారు. మెల్లగా నడు. కొంచెం తిను. ఒంటరిగా పడుకో! మూడో మాట ఎందుకో మీరే ఊహించుకోండి.

మొదటి రెండు మూడు రోజులు బరువు ఎత్తకూడదు. సారా, బీరు ముట్టకూడదు. నీళ్ళు బాగా తాగాలి. అక్కడ కోకా అనే ఆకు వేసి టీ కాస్తారు. ఆ దేశంలో కోకా ఆకు నమలడం, టీ తాగడం చట్టం ఒప్పుకున్న పని. కొండల్లో పనిచేసేవాళ్ళకు అది తరతరాల అలవాటు. కానీ ఆ ఆకు ఒక్కటి కూడా సంచిలో వేసుకుని మన దేశానికి రాకూడదు. మన చట్టం ప్రకారం అది మత్తు పదార్థం. కేసు అవుతుంది.

గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు బయలుదేరక ముందే డాక్టరును అడగాలి. అక్కడికి చేరాక ఎవరికైనా కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గుతో నురగ పడితే, నడక తూలితే, మాట తడబడితే ఆలస్యం చేయకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. పల్లపు చోటుకు దింపాలి. అది ప్రాణం మీదికి వచ్చే జబ్బు. "రేపు చూద్దాం" అనకూడదు.

అన్నం ఉడకదు!

ఇక వంటింటికి పోదాం. మన దగ్గర నీళ్ళు 100 డిగ్రీల వేడికి మరుగుతాయి. లా పాజ్‌లో సుమారు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. గాలి బరువు తక్కువ కాబట్టి నీళ్ళు తొందరగా పొంగుతాయి. గిన్నెలో నీళ్ళు కుతకుత మరుగుతుంటాయి. లోపల పప్పు మాత్రం పలుకుగానే ఉంటుంది. మంట ఎంత పెంచినా లాభం లేదు. నీళ్ళు ఆవిరైపోతాయి కానీ వాటి వేడి పెరగదు.

ఉపాయం ఏమిటి? మూత బిగించే కుక్కరు. కుక్కరు లోపల ఆవిరి అణిగి ఉంటుంది. అందుకని వేడి పెరుగుతుంది. అక్కడ వంటింట్లో కుక్కరు చాలా ముఖ్యం. గొప్ప కంపెనీలో పెద్ద జీతం తీసుకునే మనిషి అయినా, పప్పు ఎందుకు ఉడకలేదో అక్కడి ఆడమనిషిని అడిగి తెలుసుకోవలసిందే.

అక్కడ మనకు తెలిసిన రుచి కూడా ఒకటి ఉంది. మిరపకాయలు, టమాటాలు, ఒక వాసనాకు కలిపి రాతి మీద నూరుతారు. దానిని "ల్యాహ్వా" అంటారు. మన రోటి పచ్చడికి అక్క లాంటిది. అన్నిటిలోకీ నంజుకుంటారు.

బంగాళాదుంప పుట్టిల్లు ఆండీస్ కొండలే. ఎరుపు, పసుపు, ఊదా, నలుపు, ఎన్నో రకాలు దొరుకుతాయి. దుంపలను ఏళ్ళ తరబడి దాచుకునే పద్ధతి కూడా వాళ్ళకు తెలుసు. జూన్, జూలై నెలల్లో రాత్రి చలికి దుంపలను ఆరుబయట పరుస్తారు. అవి గడ్డకడతాయి. పగలు ఎండకు మెత్తబడతాయి. కాళ్ళతో తొక్కి నీరు పిండేస్తారు. మళ్ళీ ఎండబెడతారు. రాళ్ళలా గట్టిపడిన ఆ దుంపల పేరు "చూన్యో". మనం వడియాలు పెట్టుకున్నట్టే. ఫ్రిజ్ లేని కాలంలోనే ఆడవాళ్ళు, రైతులు కనిపెట్టిన శాస్త్రం ఇది.

బజారులో బడి

విదేశాల నుంచి వచ్చినవాళ్ళలో రాయబార కార్యాలయాల ఉద్యోగులు ఉంటారు. సేవా సంస్థలవాళ్ళు, టీచర్లు, పెళ్ళి చేసుకుని వచ్చినవాళ్ళు ఉంటారు. పెద్ద పెద్ద డిగ్రీలు ఉంటాయి. కానీ స్పానిష్ భాష రాకపోతే వీధి బోర్డు చదవలేరు. మందు సీసా మీద ఏం రాసి ఉందో తెలియదు. బస్సు ఎక్కడికి పోతుందో తెలియదు. అక్షరం రానప్పుడు మనం పడిన ఇబ్బంది మీకు గుర్తుంది కదా? వాళ్ళదీ అదే ఇబ్బంది.

అలాంటివాళ్ళకు బజారే బడి. లా పాజ్ వీధుల్లో కూరగాయలు, పండ్లు, దుంపలు అమ్మేది ఎక్కువగా ఆడవాళ్ళే. గుండ్రటి టోపీ, రెండు పొడుగు జడలు, కుచ్చుల పావడా, వీపున రంగురంగుల దుప్పటి మూట. వాళ్ళను "చోలిత" అంటారు. ఎక్కువమంది ఐమారా అనే జాతివాళ్ళు. ఇంట్లో ఐమారా భాష, బజారులో స్పానిష్ భాష మాట్లాడతారు.

అక్కడ అమ్మే ఆమె కొనే ఆమెను "కసెరీత" అని పిలుస్తుంది. కొనే ఆమె కూడా అమ్మే ఆమెను అదే మాటతో పిలుస్తుంది. "మా వాడిక మనిషి" అన్నట్టు. ఒకే అంగడిలో రోజూ కొంటే "యాపా" ఇస్తారు. యాపా అంటే ఏమిటో తెలుసా? మన కొసరు! తూకం అయ్యాక ఇంకో రెండు దుంపలు సంచిలో పడేస్తుంది. ఇక్కడైనా అక్కడైనా కొసరు అడగందే బేరం తెగదు. ఆ కొసరుతోపాటు నాలుగు మాటలు కూడా దొరుకుతాయి. "ఎంత?", "చాలా ఎక్కువ", "రేపు వస్తా". కొత్తవాళ్ళు భాష నేర్చుకునేది అలాగే.

తీగ మీద బండ్లు

మన దగ్గర మేడ మీద ఉంటే గొప్ప. అక్కడ పల్లంలో ఉంటే గొప్ప. పల్లంలో గాలి కొంచెం దట్టం, చలి కొంచెం తక్కువ. అందుకే డబ్బున్నవాళ్ళు, విదేశీయులు ఎక్కువగా కింది పేటల్లో ఉంటారు. పల్లెల నుంచి వచ్చిన బీదవాళ్ళు పైన ఎల్ ఆల్టోలో ఇళ్ళు కట్టుకున్నారు. ఇప్పుడు లా పాజ్ కంటే ఎల్ ఆల్టోలోనే జనం ఎక్కువ.

పైవాళ్ళు కిందికి పనికి రావడం ఒకప్పుడు పెద్ద యాతన. వంకర రోడ్డు, కిక్కిరిసిన చిన్న బస్సులు. 2014లో తీగ మీద నడిచే బండ్లు వచ్చాయి. శ్రీశైలంలో పాతాళగంగకు దిగే రోప్‌వే లాంటివి. కానీ ఇవి ఊరంతా తిరుగుతాయి. ఇప్పుడు పది దారులు ఉన్నాయి. ఒక్కో దారికి ఒక్కో రంగు పేరు. ఎర్ర దారి, పసుపు దారి, ఆకుపచ్చ దారి. భాష రాని కొత్త మనిషి కూడా రంగు చూసి ఎక్కవచ్చు. స్టేషన్లకు స్పానిష్ పేరుతోపాటు ఐమారా పేరు కూడా రాశారు. అదే బండిలో పనికి పోయే తల్లి ఉంటుంది, పెద్ద ఉద్యోగి కూడా ఉంటాడు. ఎదురెదురుగా కూర్చుంటారు.

కాగితం చదవాలి

అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు కొత్తవాళ్ళు ఒక మాట వింటారు. "ఆంటిక్రెటికో". ఇంటి యజమానికి ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వాలి. నెల నెలా అద్దె ఉండదు. గడువు తీరాక ఇల్లు ఖాళీ చేస్తే యజమాని ఆ డబ్బు తిరిగి ఇచ్చేయాలి. మన వైపు పొలం భోగ్యానికి ఇస్తారే, అలాంటిదన్న మాట.

ఇది మంచి పద్ధతే. కానీ జాగ్రత్త ఉండాలి. ఆ ఇంటి మీద ముందే బ్యాంకు అప్పు ఉంటే? ఆ ఇల్లు ఆయనది కాకపోతే? అందుకే రిజిస్ట్రేషన్ ఆఫీసులో విచారించాలి. ఒప్పందం నోటరీ ముందు రాయించాలి, రిజిస్టరు చేయించాలి. భాష రాకపోతే నమ్మకమైన మనిషితో ప్రతి మాటా చదివించుకోవాలి. "సంతకం పెట్టండి, ఏం కాదు" అంటే పెట్టేస్తే జీవితకాలం కూడబెట్టిన డబ్బు పోవచ్చు. వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్న వాళ్ళ కథలు మనం వినలేదా? దేశం వేరు, మోసం ఒకటే. మందు కూడా ఒకటే. చదివి సంతకం పెట్టడం.

ఇంటి పని చేసే ఆడవాళ్ళు

లా పాజ్‌లో కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది ఇంటి పనికి మనిషిని పెట్టుకుంటారు. వాళ్ళు ఒక చట్టం తెలుసుకోవాలి. 2003లో బొలీవియాలో ఇంటి పని కార్మికుల చట్టం వచ్చింది. బయటి నుంచి వచ్చి పని చేసే ఆమెకు రోజుకు 8 గంటలే పని. ఆ ఇంట్లోనే ఉండే ఆమెకు 10 గంటలు. వారానికి ఒక రోజు సెలవు.

ఆ చట్టం ఊరికే రాలేదు. కసిమీరా రోడ్రిగెస్ అనే ఆమె కథ వినండి. ఆమె కెచువా జాతి పల్లె పిల్ల. 13 ఏళ్ళ వయసులో పట్నంలో ఇంటి పనికి కుదిరింది. జీతం లేకుండా చాకిరీ చేసింది. పెద్దయ్యాక తనలాంటి ఆడవాళ్ళను కూడగట్టింది. సంఘం పెట్టారు. ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి చట్టం వచ్చింది. 2006లో ఆమె ఆ దేశానికి న్యాయశాఖ మంత్రి అయింది. అంట్లు తోమిన చేయి చట్టం కాగితాల మీద సంతకం పెట్టింది!

పావడా కట్టిన చోలితలను ఒకప్పుడు కొన్ని హోటళ్ళలోకి, ఆఫీసుల్లోకి రానిచ్చేవారు కాదు. 2010లో జాతి వివక్షకు వ్యతిరేకంగా చట్టం వచ్చింది. ఇప్పుడు వాళ్ళు టీవీలో వార్తలు చదువుతున్నారు, పార్లమెంటులో కూర్చుంటున్నారు. కొండలెక్కేవాళ్ళకు వంట చేసిపెట్టిన కొందరు చోలితలు "మనమే ఎందుకు ఎక్కకూడదు?" అనుకున్నారు. ఆ కుచ్చుల పావడాలతోనే 2019 జనవరిలో అకొంకాగువా శిఖరం చేరారు. దాని ఎత్తు 6,900 మీటర్లకు పైనే. దక్షిణ అమెరికాలో అంతకంటే ఎత్తు కొండ లేదు.

నీళ్ళ కరువు, దారి బంద్

అక్కడ అన్నీ సుఖాలే అనుకోకండి. 2016 నవంబరులో లా పాజ్ చెరువులు ఎండిపోయాయి. డబ్బున్నవాళ్ళ కింది పేటల్లో కూడా కుళాయిలు ఆగాయి. అందరూ బిందెలు, బకెట్లు పట్టుకుని ట్యాంకరు దగ్గర నిలబడ్డారు. ఊరి పక్కన చాకల్తాయా అనే కొండ మీద మంచుగడ్డ ఉండేది. 2009 నాటికి అది పూర్తిగా కరిగిపోయింది. భూమి వేడెక్కితే కొండ మీద ఊరికి కూడా దాహం తప్పదు.

అక్కడ జనానికి కోపం వస్తే దారులు మూసేస్తారు. రాళ్ళు అడ్డం పెట్టి కూర్చుంటారు. కూరగాయలు, కోళ్ళు, గ్యాసు, డీజిలు ఊళ్ళోకి రావు. అందుకే ఇంట్లో కొంచెం బియ్యం, నీళ్ళు, గ్యాసు ఎప్పుడూ ఉంచుకోవాలని పాతవాళ్ళు కొత్తవాళ్ళకు చెబుతారు. అలాంటి రోజుల్లో పరాయి దేశం మనిషికి దిక్కు ఎవరు? పక్కింటివాళ్ళే. రోజూ పలకరించుకున్న కసెరీతలే.

వాళ్ళూ మనలాగే దిద్దారు

చివరగా మీకు ఇష్టమైన మాట చెబుతాను. ఒకప్పుడు బొలీవియాలో కూడా చాలామంది పెద్దవాళ్ళకు చదువు ఉండేది కాదు. వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. 2006లో అక్కడ పెద్ద అక్షరాస్యతా ఉద్యమం మొదలయింది. క్యూబా, వెనిజులా దేశాలు సాయం చేశాయి. పాఠాల పేరు "యో సీ పుయెదో". అంటే "నాకు చేతనవుతుంది" అని. టీవీలో పాఠం చూపించేవారు. కరెంటు లేని పల్లెలకు సూర్యుడి వెలుగుతో కరెంటు ఇచ్చే పలకలు ఇచ్చారు. చూపు ఆననివాళ్ళకు కళ్ళజోళ్ళు ఇచ్చారు. ఐమారా, కెచువా భాషల్లో కూడా నేర్పారు. మూడేళ్ళ లోపే 8 లక్షలకు పైగా జనం నేర్చుకున్నారు. 2008 డిసెంబరు 20న నిరక్షరాస్యత పోయిందని దేశం ప్రకటించింది.

చూశారా? ఆ ఊళ్ళో దిగిన డిగ్రీల మనిషి స్పానిష్ మాటలు కూడబలుక్కుంటున్నాడు. దుంపలమ్మే అవ్వ కళ్ళజోడు పెట్టుకుని అక్షరాలు కూడబలుక్కుంది. ఇద్దరూ విద్యార్థులే. నేర్చుకునే మనిషికి సిగ్గు అక్కరలేదు. ఎగతాళి చేసేవాళ్ళే సిగ్గుపడాలి.

మన ఊరికి కూడా పని కోసం వేరే రాష్ట్రాల వాళ్ళు వస్తున్నారు. ఇటుక బట్టీల్లో, కట్టడాల్లో పని చేస్తున్నారు. వాళ్ళకు మన భాష రాదు. ఆ ఆడవాళ్ళు అంగట్లో బెదురుతూ నిలబడితే మనం ఏం చేయాలి? ఒక మాట నేర్పాలి. కొంచెం కొసరు వేయాలి. కొత్త గాలికి అలవాటు పడేవరకు ఎవరికైనా తోడు కావాలి.

సెలవు. మళ్ళీ వారం కలుద్దాం.

కూర్చుని మాట్లాడుకోండి:

1. లా పాజ్‌లో పప్పు ఎందుకు తొందరగా ఉడకదు?
2. "యాపా" అంటే ఏమిటి? మీ సంతలో కొసరు ఎవరు బాగా వేస్తారు?
3. కాగితం చదవకుండా సంతకం పెడితే ఏం నష్టం? మీకు తెలిసినది చెప్పండి.
4. మీ ఊరికి కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు ఎవరు? వాళ్ళకు మీరు ఏం నేర్పగలరు? వాళ్ళ దగ్గర ఏం నేర్చుకోగలరు?